ముందుగా కోసిన హాలీ

నవంబరు 25, శనివారం

సోమవారం రాత్రి నుంచి గట్టి మంచు పట్టుకుంటుందని రేడియోలో చెప్పారు. నేల గడ్డకడితే పొలాల్లో పిట్టలకి తిండి దొరకదు. అప్పుడు గుంపులు గుంపులుగా వచ్చి నా ముళ్ళాకుల హాలీ పొదల కాయల మీద పడతాయి. పోయినేడు నేను చర్చికి వెళ్ళి వచ్చేలోగా మూడు పొదలకి గుండు కొట్టి పోయాయి. ఈసారి ఆ అవకాశం ఇవ్వను.

ఈ ఏటి కాపుకి నా దిష్టే తగిలేలా ఉంది. పది ఆడ పొదలూ ఎర్రగా విరగకాశాయి. మే నెలలో పూత మీద తేనెటీగలు బాగా తిరిగాయి, అదీ కారణం. మూలనున్న మగ పొదకి ఒక్క కాయ కాయదు గానీ అది లేకపోతే మిగతా పదీ గొడ్డుపోతాయి. "నాలాంటివాడే, పని చేస్తున్నట్టు కనపడడు" అనేవాడు మా ఆయన ఎమ్రిస్. పదకొండూ ఆయన చేత్తో పాతినవే. ఆయన పోయి ఎనిమిదేళ్ళు.

పదింటికి పక్కింటి ఇద్రిస్ మామూలుగానే రెండిళ్ళ మధ్య గేటు తోసుకుని టీకి వచ్చాడు, మనవరాలిని చంకనేసుకుని. నెస్టాకి రెండున్నరేళ్ళు. తల్లి లౌరి పక్క ఊరి వృద్ధాశ్రమంలో పనికి పోతే, పిల్ల ఐదు వారాల పసిగుడ్డుగా ఉన్నప్పటి నుంచీ పెంచుతున్నది ఇద్రిసే. తండ్రి సంగతి రాస్తే సిరా దండగ.

చివరి పొద మీద మచ్చల పిట్ట కూర్చుని వచ్చిన పిట్టనల్లా తరుముతోంది. ఏటా ఒకటి అలాగే వచ్చి, ఆ పొద తన సొంతమన్నట్టు చలికాలమంతా కాపలా కాస్తుంది.

"నీకు జీతం లేని కాపలాదారు దొరికాడే, ఓల్వెన్," అన్నాడు ఇద్రిస్.

"నీకు మాత్రం జీతమిస్తున్నారా?"

"నాకు ఇదిగో, జీతం," అని పిల్ల బుగ్గ కొరికాడు. డెబ్భై నాలుగేళ్ళొచ్చాయి, వేషాలు మాత్రం తగ్గలేదు.

నవంబరు 27, సోమవారం, మధ్యాహ్నం

పొద్దున్నే గ్లౌజులేసుకుని దిగాను. మంచి కాపున్న కొమ్మలు పన్నెండు కోశాను. హాలీని ఎక్కడబడితే అక్కడ కొయ్యకూడదు. కాయ కాసేది పోయినేటి కొమ్మ మీద. తెలియనివాళ్ళు కత్తెర పట్టుకుని గుండ్రంగా కొట్టేసి, మరుసటేడు కాయలేవి అని ఏడుస్తారు. చర్చి తలుపుకి కట్టే క్రిస్మస్ దండకి ఆరు కొమ్మలు, మిగతా ఆరు నాకు.

కుళాయి మధ్య గేటు పక్కనే. బక్కెట్టు నింపి కొమ్మలు అందులో నిలబెట్టాను. వంటిల్లు నాలుగడుగులే, కానీ క్రిస్మస్ ముందురోజు రాకుండా హాలీ గడప దాటకూడదు. దాటితే ఇంట్లోకి పోట్లాట వస్తుందని ఎమ్రిస్ తల్లి అనేది. ఒంటరిదాన్ని, ఎవరితో పోట్లాడతానో నాకే తెలియదు. అయినా పెళ్ళయినప్పటి నుంచి ఆ మాట దాటలేదు, ఇప్పుడూ దాటను. షెడ్డులో ఎలుకలున్నాయి. పైన కొక్కెం వేసి బక్కెట్టు వేలాడదీయాలి. అందాకా గేటు పక్కనే ఉంటుంది.

ఫోను మోగుతోంది. చర్చి అలంకరణ చూసే గ్లాడిస్ అయి ఉంటుంది, దండ సంగతికి.

సాయంత్రం

నెస్టా హాలీ కాయలు తింది.

గ్లాడిస్ ఫోను పెట్టనివ్వలేదు, ముప్పావుగంట. ఇద్రిస్ కేక విని పరిగెత్తాను. పిల్ల వాళ్ళ వాకిట్లో కూర్చుని వాంతి చేసుకుంటోంది. ఎర్ర తొక్కలు. నోట్లో వేలు పెట్టి ఇంకో కాయ తీశాను. ముప్పై ఏళ్ళు ఈ ఊరి బడిలో నర్సుగా చేశాను. ఎర్ర కాయ ఏదైనా నోట్లో పెట్టుకోవద్దని నేను చెప్పని పిల్ల లేదు. లౌరికీ చెప్పాను, దాని చిన్నప్పుడు.

అంబులెన్సు వచ్చేదాకా పిల్లని నేనే పట్టుకున్నాను. ఇద్రిస్ కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు.

"ఎన్ని తిందమ్మా?" అన్నాడు అంబులెన్సు అబ్బాయి.

"తెలీదు."

గోడ వైపు చూశాడు. "ఆ పొదల నుంచేనా?"

"అయ్యుండొచ్చు," అన్నాను.

అందులో అబద్ధమేముంది? హాలీ కాయలు హాలీ పొదల నుంచే వస్తాయి.

నవంబరు 28, మంగళవారం

బక్కెట్టు షెడ్డులో ఉంది. అంటే నేనే పెట్టి ఉంటాను. నిన్న మధ్యాహ్నం ఫోనుకి వెళ్ళే ముందే పెట్టి ఉంటాను. కంగారులో గుర్తు లేదు, అంతే.

ఒక కొమ్మకి అడుగు భాగంలో ఏడో ఎనిమిదో కాయలు లేవు. తొడిమలు మాత్రం ఉన్నాయి. ఎలుకలు.

పిల్ల ప్రాణానికి భయం లేదన్నారట. చిన్న ఒళ్ళు కాబట్టి సెలైన్ పెట్టి చూస్తున్నారట. గ్లాడిస్ చెప్పింది. ఊళ్ళో ఏం జరిగినా ముందు ఆమెకే తెలుస్తుంది.

నవంబరు 30, గురువారం

నిన్న సాయంత్రం ఇంటికి తెచ్చారు. ఈ రోజు లౌరి వచ్చింది. కళ్ళు పీక్కుపోయి ఉన్నాయి. టీ ఇస్తే ముట్టలేదు.

"ఆంటీ, మీరేమీ అనుకోకండి. మా వైపు వాలిన కొమ్మలు కొట్టించెయ్యండి."

"ఇవ్వాళే కొడతానే తల్లీ."

"పొదల తప్పేముంది లెండి. నాన్నే ఒప్పుకున్నాడు, కుర్చీలో కునుకు పట్టిందట. పిల్ల గోడ దాకా నడిచెళ్ళి కోసుకు తినేదాకా తెలీలేదట. జనవరి నుంచి ప్లేస్కూల్లో వేసేస్తా. ఇరవయ్యో తారీఖులోగా ఖాయం చెప్పమన్నారు. ఇక నాన్న దగ్గర ఒంటరిగా వదలను."

నేనేదో అనాలి కదా అని, "వయసు మీద పడింది, కునుకు రాక మానుతుందా," అన్నాను.

"మీకూ అలా అనిపిస్తోందా? అయితే నేను చేసేది సరైందే."

ఓదార్పుగా అన్న మాట అది. అంతకన్నా ఏమీ లేదు.

డిసెంబరు 2, శనివారం

నిచ్చెన వేసుకుని వాళ్ళ వైపు కొమ్మలు కత్తిరించాను. ఎవరూ బయటికి రాలేదు. అటు వైపు నా తల ఎత్తు దాకా ఒక్క కాయ కూడా లేదు. ఆగస్టులో ఆ వైపంతా నేనే కత్తిరించాను, కాయ ఎక్కడి నుంచి వస్తుంది?

పిట్టలు తిని ఉంటాయి. అడుగున ఉన్నవే.

ఎండిన హాలీ ఆకంత పాపిష్టిది లేదు. పదేళ్ళ కింద రాలింది కూడా గ్లౌజు లోంచి గుచ్చుతుంది. ఈ రోజు చూపుడువేలికి దిగింది, ఇంకా రాలేదు.

డిసెంబరు 5

పదింటికి ఇద్రిస్ రాలేదు. వారమయింది.

డిసెంబరు 6

రెండో కప్పు పెట్టడం మానేశాను. మళ్ళీ పెట్టాను.

డిసెంబరు 8, శుక్రవారం

లౌరి పనికి వెళ్ళే వేళకి ట్రాంటర్ అనే ఆవిడ సైకిల్ మీద వస్తోంది. పిల్లని చూసుకోవడానికి. ఆ ఇంట్లోనే, ఇద్రిస్ ముందే. ఈ రోజు మగ పొద మొదట్లో ఆకుల ఎరువు వేస్తుంటే వినపడింది.

"తాతా, బూట్లు!"

"ఇటు రా బంగారం, నేను తొడుగుతా."

"వద్దులెండి బేవన్‌గారూ, మీరు కూర్చోండి, నేను చూసుకుంటా," అంది ఆవిడ. ఇంటిపేరు పెట్టి, మర్యాదగానే అంది. అదే ఇంకా బాగాలేదు.

ఆ తర్వాత ఇద్రిస్ గొంతు వినపడలేదు. ఎరువు వేస్తూనే ఉన్నాను. అవసరమైన దానికన్నా ఎక్కువ వేసినట్టున్నాను.

పిల్లకి బాగానే ఉంది కదా. గోడవతల పాట పాడుతోంది. ఎవరికీ ఏమీ కాలేదు. ఈ వయసులో పసిపిల్ల వెనక పరిగెత్తడం కూడా కష్టమే, ఆయనకి విశ్రాంతి దొరికింది.

డిసెంబరు 11, సోమవారం

ఇద్రిస్ వచ్చాడు. గేటులోంచి కాదు, వీధి తలుపు నుంచి. నలభై ఏళ్ళలో వీధి తలుపు తట్టడం ఇదే మొదలు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

టోపీ తియ్యకుండానే కూర్చున్నాడు. టీ పోశాను. చాలాసేపు వేళ్ళు వేడి చేసుకున్నాడు.

"నీ దండ బాగుందటగా. ఊళ్ళో అంటున్నారు."

"బాగానే కుదిరింది."

"ఓల్వెన్, బక్కెట్టు షెడ్డులో పెట్టింది నేను."

నేను చక్కెర గిన్నెకి మూత పెట్టాను.

"అంబులెన్సు వచ్చేలోపే పెట్టేశా. నువ్వు పిల్ల మూతి కడుగుతున్నావ్. కునుకూ లేదు, గినుకూ లేదు. కెటిల్ పొయ్యి మీద పెట్టడానికి లోపలికెళ్ళా. వచ్చేసరికి పిల్ల గేటు దాటి నీ బక్కెట్టు పక్కన చతికిలబడి ఉంది, నోరంతా ఎర్రగా. ఎత్తుకుని మా వాకిట్లోకి వచ్చి నిన్ను కేకేశా."

"నువ్వెందుకు చెప్పలేదు?"

"ఏమో. ఎమ్రిస్ చెట్లు కదా. లౌరి కోపం నీకు తెలుసు, తప్పు నీదంటే రంపం తెప్పిస్తుందనుకున్నా. నేను యాభై ఏళ్ళు పొదల కంచెలు కొట్టినోణ్ణి, హాలీని నరికితే అరిష్టమని, వరసలో అది తగిలితే వదిలేసి ముందుకెళ్ళేవాణ్ణి. నా కంచె పక్కన హాలీ నరికారంటే వినలేను. అదొకటి. ఇంకోటి, కన్న కూతురే కదా, వారం తిట్టి ఊరుకుంటుందనుకున్నా." నవ్వబోయాడు. "నా లెక్క తప్పింది."

"చెప్పమని అడగడానికొచ్చావా?"

"లేదు. నువ్వే చెప్తావేమోనని రెండు వారాలు చూశా. ఇక కిటికీలోంచి చూడబుద్ధి కావట్లేదు. అందుకే వచ్చా." లేచాడు. "నాకు వేరే పనేమీ లేదు ఓల్వెన్. ఆ పిల్లే పని."

కప్పులో టీ అలాగే ఉంది.

డిసెంబరు 12

నాకు తెలుసు అని రాయాలి. ఎలుకలు హాలీ తొడిమలని అంత నీటుగా వదలవు.

రాశాను. రాయడం వేరు, చెప్పడం వేరు.

డిసెంబరు 14, గురువారం

ఉత్తరాన్నించి బూడిదరంగు పిట్టల గుంపు దిగింది. నూరు ఉంటాయేమో. కాపలా పిట్ట గొంతు చించుకుని అరిచింది, ఒకదాన్ని తరిమితే ముప్పై వాలాయి. కిటికీలో నిలబడి చూశాను. చప్పట్లు కొట్టి తోలొచ్చు, వల కప్పొచ్చు. కదల్లేదు. రెండు గంటల్లో పది పొదలూ పచ్చగా మిగిలాయి.

డిసెంబరు 17, ఆదివారం

చర్చి తలుపు మీద నా దండ. అందరూ ఆగి చూశారు.

"ఇంత కాపున్న కొమ్మలు ఎలా దాచావమ్మా, మా పొదలన్నీ పిట్టలపాలయ్యాయి," అంది గ్లాడిస్.

"నవంబరులోనే కోసి బక్కెట్టులో పెట్టుకుంది, తెలివైంది," అంది ఇంకొకావిడ.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి మెడ మీదకి పోయింది.

గ్లాడిస్ గొంతు తగ్గించింది. "లౌరి మంచి పని చేస్తోంది. ఇద్రిస్ మతిమరుపు నేను ఎప్పుడో కనిపెట్టా. పోయిన వారం నన్ను చూసి కూడా పలకరించలేదు."

"అతనికి మతిమరుపు లేదు," అన్నాను.

"పోనీలే నువ్వు వెనకేసుకురావడం సహజమే," అని చెయ్యి తట్టింది. ఇద్రిస్ మూడు వరసల ముందు కూర్చుని ఉన్నాడు, ఒక్కడే. నెస్టా తల్లి ఒళ్ళో, ఇంకో వరసలో. పాటలు పాడేటప్పుడు పిల్ల వెనక్కి తిరిగి తాత కోసం వెతికింది.

అక్కడే లేచి చెప్పాలనుకున్నాను. పాట పుస్తకం మూసి, మళ్ళీ తెరిచాను.

రేపు.

డిసెంబరు 18

వాన. రేపు.

డిసెంబరు 19

లౌరి సాయంత్రం దాకా డ్యూటీ అట. అలసిపోయి వస్తుంది. ఆ సమయంలో మీద పడి చెప్పడం బాగుండదు.

చదువుకున్నదాన్ని, నర్సుని. బడిలో చిన్నపిల్లలకి కూడా చెప్పేదాన్ని, తప్పు చేస్తే వెంటనే చెప్పేస్తే సగం తగ్గిపోతుందని. మూడు వారాలకి ఎంత తగ్గుతుందో ఎప్పుడూ చెప్పలేదు.

భయం లౌరి అంటే కాదు. పొదల గురించి కూడా కాదు, ఆ మాట ఇద్రిస్‌దే, నేను దాని వెనక దాక్కున్నాను. వీధిలో నడిస్తే ప్రతి ఇంట్లో నేను మందు రాసిన మోకాలు ఒకటి ఉంది. వాళ్ళందరూ నన్ను చూసే చూపు పోతుందని భయం. నాకు సిగ్గుగా ఉంది.

డిసెంబరు 20, బుధవారం

ఎనిమిదింటికే వెళ్ళాను. లౌరి యూనిఫారంలో ఉంది. బల్ల మీద ప్లేస్కూలు కాగితం, పెన్ను. ఇద్రిస్ పొయ్యి దగ్గర కుర్చీలో. నన్ను చూసి తల దించుకున్నాడు.

"కూర్చోండి ఆంటీ."

నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేను.

"పొద నుంచి కాదు లౌరీ. కొమ్మలు కోసి బక్కెట్టులో పెట్టి గేటు పక్కన వదిలేశాను. క్రిస్మస్ రాకుండా ఇంట్లోకి తేకూడదని బయటే ఉంచాను. ఫోనొస్తే మాటల్లో పడ్డాను. మీ నాన్న నిద్రపోలేదు. నన్ను కాపాడడానికి అలా చెప్పాడు."

తండ్రి వైపు చూసింది. ఆయన పొయ్యిలోకి చూస్తున్నాడు.

"మీకెప్పుడు తెలిసింది?"

"నెస్టా నోట్లోంచి కాయ తీసినప్పుడే."

మొదటిసారి ఆ మాట నా నోటి నుంచి విన్నాను. ఈ పుస్తకంలో కూడా రాయలేదు.

"డాక్టరు నన్ను ఎన్నిసార్లు అడిగాడో తెలుసా, ఎన్ని తిందని?" గొంతు పెంచలేదు. అరిస్తే బాగుండేది. "మూడా, ముప్పయ్యా? మూడైతే ఇంటికి తీసుకుపొమ్మనేవాడు. తెలీదంటే చేతికి సూది పెట్టి రెండు రాత్రులు ఉంచారు. పిల్ల కదలకుండా చేతులు నేనే పట్టుకున్నా. మీరు వెళ్ళి ఒక్కసారి ఆ కొమ్మ చూసుంటే తెలిసేది."

"చూశాను."

"ఏంటీ?"

"ఏడో ఎనిమిదో. మర్నాడు పొద్దున చూశాను."

"మర్నాడు పొద్దున మేమింకా ఆసుపత్రిలోనే ఉన్నాం. మీ ఇంట్లో ఫోనుంది."

"ఉంది," అన్నాను.

"మా నాన్నది వయసు, కునుకు వస్తుంది అని నాతో అన్నది కూడా మీరే."

"నేనే."

"లౌరీ, ఇక చాలు," అన్నాడు ఇద్రిస్.

"నువ్వు మాట్లాడకు నాన్నా. నీ సంగతి తర్వాత చెప్తా. నా పిల్ల సంగతి నాకు చెప్పకుండా ఇద్దరూ కలిసి..." మాట పూర్తి చెయ్యలేదు. కాగితం రెండు మడతలు పెట్టింది, మళ్ళీ విప్పింది, పొయ్యిలో వేసింది. తండ్రి వెనక నిలబడి ఆయన టోపీ సరిచేసింది. చూపు మాత్రం నా మీదే.

"పొదలు కొట్టించమంటే కొట్టిస్తాను," అన్నాను.

"నాకు పొదలెందుకు ఆంటీ. అవి ఎక్కడివక్కడే ఉన్నాయి."

వీధి తలుపు దాకా వచ్చి తెరిచి పట్టుకుంది. వచ్చేశాను.

డిసెంబరు 21

ట్రాంటర్ సైకిల్ రాలేదు.

డిసెంబరు 22, శుక్రవారం

తొమ్మిదింటికి గోడవతల నెస్టా గొంతు, ఇద్రిస్ గొంతు. బూట్ల గురించి పెద్ద చర్చ. ఎడమది కుడి కాలికే కావాలట. ఆయన ఎంత చెప్పినా వినదు, ఆయనకీ వినిపించాలని లేదు. ట్రాంటర్ లేదు, లౌరి పనికి వెళ్ళిపోయింది. ఇద్దరే ఉన్నారు. వింటూ వంటింట్లో నిలబడిపోయాను, ఏడుపొచ్చింది.

పదింటికి గేటు దగ్గర చప్పుడైంది. రెండో కప్పు తీసి, కెటిల్ పెట్టి, బయటికి వెళ్ళాను. గేటు తెరుచుకోలేదు. అవతల చెక్కని తొలుస్తూ బరమా తిరుగుతోంది.

"ఇద్రిస్?"

చప్పుడు ఆగింది.

"గడియ పెడుతున్నా ఓల్వెన్. మా వైపు నుంచి. లౌరి షరతు అది. గేటుకి గడియ పెడితేనే పిల్లని నా దగ్గర వదులుతానంది."

"న్యాయమే."

"నీ వైపు రావద్దని కూడా అంది. నన్నూ."

"సరే."

"ఎన్నాళ్ళో చెప్పలేదు."

"చెప్పదు."

మళ్ళీ బరమా తిప్పాడు. చెక్క చీలిన చప్పుడు. తిట్టుకున్నాడు. ఆ గేటు ఓక్ చెక్క, ఎమ్రిస్ చేసింది. పొట్టి స్క్రూలు అందులో నిలవవు, ఆ సంగతి నాకు తెలుసు.

"ఎంత ఎత్తులో పెడుతున్నావ్?"

"నడుమెత్తున."

"ఇంకా పైకి పెట్టు. కుర్చీ ఎక్కినా పిల్ల చెయ్యి అందకూడదు. నీకు పొడుగు స్క్రూలు కావాలి."

"నా దగ్గర లేవే."

షెడ్డులో ఎమ్రిస్ డబ్బాలో ఉన్నాయి. తెచ్చి గేటు పైనుంచి చెయ్యి చాచాను. వేళ్ళు తగిలాయి, చల్లగా. నాలుగు తీసుకున్నాడు.